ఊగిసలాడు వేగము: డీజిలు బండిలో క్రూజ్ కంట్రోల్ దోషమును కనుగొను విధము

దూరప్రయాణములు చేయువారి కాలికి విశ్రాంతి నిచ్చుటకై మోటారు వాహనములలో అమర్చిన సాధనమునకు క్రూజ్ కంట్రోల్ అని పేరు. చోదకుడు తనకు కావలసిన వేగమును అందుకొని ఒక మీట నొక్కిన చాలును. అటుపై యాక్సిలరేటరుపై కాలు మోపకయే బండి ఆ వేగమున సాగిపోవును. ఎత్తు వచ్చినపుడు ఇంధనము తనంత తానే పెరుగును, పల్లము వచ్చినపుడు తగ్గును. బ్రేకుపై కాలు పడినంతనే ఆ పట్టు విడిపోవును. అయితే ఈ సాధనమే ఒక్కొక్కప్పుడు చదునైన దారిలో సైతము బండిని ఒకసారి ముందుకు తోసి, కొన్ని క్షణములలోనే వెనుకకు లాగినట్లు చేయును. ముల్లు 60 మైళ్ళ గీతను దాటి 62కు పోవును, 58కి దిగును, మరల పైకి లేచును. దీనిని ఆంగ్లమున సర్జింగ్ అందురు. పాతకాలపు ఇంజనీర్లు హంటింగ్, అనగా వేట, అనిరి. యంత్రము తన వేగమును తానే వేటాడుచు, పట్టుకొనలేక దాటిపోవుచు, వెనుదిరుగుచు ఉండునని వారి భావము. ఆ పేరు చక్కనిదే గాని, మేము ఈ వ్యాసమున ఊగిసలాట అను మన మాటనే వాడెదము.

ఈ దోషము అమెరికా దేశమున, యజమానులు తమ ఇష్టానుసారము మార్పులు చేసికొన్న డీజిలు పికప్ బండ్లలో తరచుగా కానవచ్చును. అక్కడ ఈ బండ్లు వెనుక పెద్ద ట్రైలర్లను తగిలించుకొని, పశువులనో పడవలనో ఇంటి సామానునో లాగుకొని పోవును. వెనుక అయిదారు టన్నుల బరువు ఉన్నపుడు బండి ఊగిసలాడుట కేవలము చిరాకు కలిగించు విషయము కాదు. ఇంధనము తగ్గినప్పుడెల్ల బరువు ముందుకు తోయును, పెరిగినప్పుడెల్ల కొక్కెము గుంజుకొనును. తడిసిన రోడ్డుపై ఈ తోపులాట ప్రాణాంతకము కావచ్చును. ఇట్టి చోట యజమాని సాధారణముగా చేయు పని ఏమి? క్రూజ్ కంట్రోల్ చెడినదని తలచి దాని భాగములను ఒకదాని వెంట ఒకటి కొని మార్చుచు పోవును. డబ్బు పోవును గాని ఊగిసలాట పోదు. ఏలయన పెక్కుసార్లు ఆ భాగములలో ఏదియు చెడి ఉండదు.

మేము భాషాబోధకులము, యంత్రశాస్త్ర పట్టభద్రులము కాము. అయినను ఈ విషయమున పానాలకంటె తర్కమునకే పని ఎక్కువ. కావున మా విద్యార్థులు దీనిని ఓపికగా చదువుదురని ఆశించుచున్నాము.

యంత్రము తన వేగమును తానే కాచుకొనవలెనను కోరిక నేటిది కాదు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు తిరుగు గుండ్ల గవర్నరును అమర్చెను. యంత్రము వేగము పెరిగిన గుండ్లు దూరముగా విచ్చుకొని ఆవిరిని తగ్గించును, వేగము తగ్గిన దగ్గరకు వచ్చి ఆవిరిని పెంచును. బావి గట్టున ఆయిల్ ఇంజన్ పెట్టి నీరు తోడుట చూచిన మన పల్లెవాసులకు ఇది ఎరుకయే. ఆ ఇంజన్ గవర్నరు బిగిసినను, దాని స్ప్రింగు వదులైనను శబ్దము ఒకపరి హెచ్చి ఒకపరి తగ్గుచు, ఏడ్చు పిల్లవాని గొంతువలె సాగుట వినియే ఉందురు. అదియే ఊగిసలాట. ఇంగ్లండులో ఆస్థాన ఖగోళజ్ఞుడైన ఎయిరీ, నక్షత్రముల వెంట దూరదర్శినిని నెమ్మదిగా త్రిప్పు యంత్రమునందు ఇదే పీడను చూచి 1840లో గణితరీత్యా విచారించెను. 1868లో మాక్స్‌వెల్ గవర్నర్లను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ పత్రమున, ఏ నిబంధనలున్న ఊపు సద్దుమణగును, ఏవి లోపించిన నానాటికి పెరుగును అను ప్రశ్నను సమీకరణములలో బిగించెను. విద్యుదయస్కాంత సిద్ధాంతముతో కీర్తి గడించిన ఆ మహాశయుడు ఇనుప గుండ్ల సంగతి పట్టించుకొనుట మాకు ఎంతయు ముచ్చట గొలుపును.

మోటారుబండికి క్రూజ్ కంట్రోల్ కనిపెట్టినవాడు ఇండియానా రాష్ట్రపు రాల్ఫ్ టీటర్. అయిదేండ్ల ప్రాయమున కత్తి తగిలి చూపు పోగొట్టుకొన్న అంధుడు. అయినను ఇంజనీరింగు పట్టా పొంది, 1936లో అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఆయన న్యాయవాది కారు నడుపునపుడు తాను మాట్లాడుచున్నంతసేపు వేగము తగ్గించి, ఎదుటివారి మాట వినునపుడు పెంచుచుండెడివాడనియు, ఆ కుదుపులు భరింపలేకయే టీటర్ ఈ సాధనమును ఊహించెననియు చెప్పుదురు. 1950లో పేటెంటు లభించెను. 1958లో క్రైస్లర్ కంపెనీ తన కార్లలో అమర్చెను. ఊగిసలాటను పోగొట్టుటకు పుట్టిన సాధనమే ఊగిసలాటకు కారణమగుట విధివిలాసమన్నను తప్పులేదు.

ఇక ప్రస్తుత విషయమునకు ఒక నిర్దిష్టమైన బండిని తీసికొందము. 1994 మొదలు 1998 నడుమ వరకు వచ్చిన డాడ్జ్ రామ్ పికప్‌లో 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల, పన్నెండు వాల్వుల కమిన్స్ డీజిలు ఇంజన్ ఉండెడిది. కర్మాగారము నుండి వచ్చునపుడు దాని బలము, సంవత్సరమును గేర్ బాక్స్‌ను బట్టి, 160 మొదలు 215 అశ్వశక్తి. దానికి ఇంధనమందించునది బాష్ వారి పి7100 పంపు. ఆరు సిలిండర్లకు ఆరు చిన్న పిస్టన్లు వరుసగా ఉండును. ఒక పండ్ల కడ్డీ అటునిటు జరిగి వాటిని కొంచెము కొంచెము త్రిప్పును. కడ్డీ ఎంత జరిగిన అంత ఇంధనము. పెట్రోలు బండిలోవలె గాలిని అడ్డగించు రేకు డీజిలులో ఉండదు. ఇంధనమే సర్వమును నిర్ణయించును.

ఈ బండిలో గవర్నర్లు రెండున్నవని గ్రహించుట ముఖ్యము. మొదటిది పంపు వెనుక భాగమున ఉన్న గుండ్ల గవర్నరు. అది ఇంజన్ తిరుగుడును కాచును. రెండవది క్రూజ్ కంట్రోల్. అది రోడ్డుపై బండి వేగమును కాచును. చక్రముల వేగమును ఒక సెన్సారు కంప్యూటరునకు తెలుపగా, అది చిన్న సోలినాయిడ్ వాల్వులను తెరచి మూయును. ఒక వాల్వు రబ్బరు పొర గల గిన్నెలోని గాలిని వాక్యూమ్‌తో లాగివేయును. పొర లోనికి ముడుచుకొని, దానికి కట్టిన కేబులు యాక్సిలరేటరు లివరును లాగును. మరొకటి గాలిని లోనికి వదలి పట్టు సడలించును. బ్రేకు త్రొక్కిన మూడవది ఒక్కపెట్టున గాలి నింపివేయును. డీజిలు ఇంజన్ తనంత తాను వాక్యూమ్ పుట్టింపదు గనుక అందుకై ఇంజన్‌తో తిరుగు వేరొక పంపు కలదు. ఒక గవర్నరు లోపల, మరొకటి దానిపైన. పైదానికి లోపలిదాని గుణము మారినదని తెలియదు.

యజమానులు చేయు మార్పులు ఏవన: పెద్ద రంధ్రముల ఇంజెక్టర్లు, పంపులో గట్టి గవర్నరు స్ప్రింగులు, పెద్ద టర్బో, పొడవైన టైర్లు. ఇవన్నియు బలము కొరకే. ఇందువలన క్రూజ్ కంట్రోల్ ఏల తడబడునో ఒక చిన్న లెక్కతో చూపెదము. కాగితముపై ఎవరైనను వేసికొనవచ్చును.

కోరిన వేగమునకు బండి ఎన్ని మైళ్ళు తక్కువగా పోవుచున్నదో దానిని లోటు అందము. కంప్యూటరు లోటులో కొంత భాగమును ప్రతి అంచెయందును సవరించునని అనుకొందము. కాని ఆ సవరణ కేబులు, లివరు, పంపు, ఇంజన్‌ల గుండా చక్రములను చేరునప్పటికి ఒక అంచె గడచిపోవును. కావున ఇప్పటి లోటునుండి తీసివేయబడునది వెనుకటి అంచె లోటులోని భాగము. మొదటి రెండంచెలలో లోటు 2 మైళ్ళనుకొనుడు. సవరణ నాలుగవ వంతైనచో లోటు 2, 2, 1.5, 1, 0.63, 0.38 చొప్పున మెత్తగా తగ్గిపోవును. చోదకునకు ఏమియు తెలియదు. సవరణ సగమైనచో 2, 2, 1, 0, -0.5, -0.5, -0.25, 0 అగును. అనగా బండి కోరిన వేగమును అరమైలు దాటి, వెనుకకు వచ్చి కుదుటపడును. సవరణ పూర్తి లోటంత అయినచో 2, 2, 0, -2, -2, 0, 2, 2 అని వచ్చును. దీనికి అంతము లేదు. గడియారపు లోలకమువలె ఎన్నటికిని ఆగదు. అంతకు మించినచో ప్రతి ఊపు ముందటి ఊపుకంటె పెద్దదగును.

కంప్యూటరు మునుపటివలెనే కేబులును లాగును. కాని ఇంజెక్టర్లు పెద్దవగుటచే అదే లాగుడునకు రెట్టింపు తోపు పుట్టును. నాలుగవ వంతు సగమై కూర్చుండును. దానిపై ఆలస్యము కూడ పెరిగినచో సగము కూడ భరింపరానిదగును. ఇందు విశేషమేమన, ఆలస్యమే లేకపోయినచో పూర్తి సవరణ దోషము కాదు సరికదా, అత్యుత్తమము: 2 లోటు మరుసటి అంచెలోనే సున్న అగును. బలము ఒక్కటే దోషి కాదు, ఆలస్యము ఒక్కటే దోషి కాదు. రెండును ఒక ఇంట చేరినపుడే కలహము.

కావున దోషము వెదకువాడు భాగములను గాక, ఈ వలయమున ఎక్కడ బలము హెచ్చినది, ఎక్కడ ఆలస్యము చేరినది అని వెదకవలెను. అంతకు ముందు దోషము అసలు ఈ వలయములో ఉన్నదా అని తేల్చుకొనవలెను. అందుకు ఖర్చులేని పరీక్ష ఒకటి కలదు. బరువేమియు లేక, చదునైన, రద్దీలేని దారిలో క్రూజ్ కంట్రోల్‌ను ఆర్పి, పాదమును కదల్పక అదే వేగమున కొంతదూరము పోవలెను. అప్పుడును బండి ఊగినచో క్రూజ్ కంట్రోల్ నిర్దోషి. డీజిలులో గాలి బుడగలు చేరుట, ఫిల్టరు మూసికొనిపోవుట, ఇంధనమును పంపునకు ఎత్తియిచ్చు చిన్న పంపు నీరసించుట, పి7100 పంపునుండి మిగులు డీజిలును తిరుగబంపు వాల్వు స్ప్రింగు అలసిపోవుట, ఇవి చూడవలెను. పాదముతో నడిపినపుడు బండి స్థిరముగా ఉండి, మీట నొక్కినంతనే ఊగినచో అప్పుడు వలయములోనికి దిగవలెను. ఈ ఒక్క పరీక్షను చేయకనే వేలకు వేలు ఖర్చుచేయువారిని చూచిన జాలి కలుగును.

రెండవది కంటితో చేయు పరీక్ష. డాష్‌బోర్డుపై రెండు ముండ్లుండును: ఒకటి వేగము తెలుపును, మరొకటి ఇంజన్ తిరుగుళ్ళను. రెండును కలసి నెమ్మదిగా లేచి పడినచో అది నిజమైన ఊగిసలాట. వేగము ఇంచుమించు కదలకుండగా తిరుగుళ్ళ ముల్లు మాత్రము రెండు మూడు వందలు హఠాత్తుగా ఎగిరి దిగినచో వ్యవహారము వేరు. ఆటోమేటిక్ గేరు గల బండ్లలో టార్క్ కన్వర్టరు అనునది నడివేగమున బిగిసికొని ఇంజన్‌ను గేర్ బాక్స్‌ను ఏకము చేయును. అది మాటిమాటికి బిగిసి విడిచినచో చోదకునకు ఊగిసలాటవలెనే తోచును. ఈ డాడ్జ్ బండ్లలో అందుకు పేరుపడిన కారణము విచిత్రమైనది: ఆల్టర్నేటరు. దాని డయోడ్లు పాడైనచో ఏ.సి. విద్యుత్తు కొంత తీగలలోనికి జారి, యాక్సిలరేటరు స్థితిని తెలుపు సెన్సారు సంకేతమును కలతపెట్టును. కాలు కదలినదని కంప్యూటరు భ్రమపడును. ఇంజన్ తిరుగుచుండగా బ్యాటరీ కొసల నడుమ మల్టీమీటరును ఏ.సి. వైపు పెట్టి చూడవలెను. వోల్టులో పదవ వంతును మించినచో అనుమానింపవలెను. ఆ సెన్సారే అరిగిపోవుటయు కలదు. చేతితో గేర్లు మార్చు బండికి ఈ బెడద లేనే లేదు.

అది కాదని తేలిన తరువాత వాక్యూమ్ గొట్టములు. ఇరువది ముప్పది ఏండ్ల రబ్బరు ఎండకు వేడికి పగులుట సహజము. గొట్టములో సన్నని పగులున్నచో గిన్నెలోని పట్టు జారుచుండును, వేగము తగ్గును, కంప్యూటరు మరల లాగును, మరల జారును. ఈ వాక్యూమే ఈ బండ్లలో ఏ.సి. గాలిని ఎటు త్రిప్పవలెనో ఆ తలుపులను కూడ నడుపును. కావున ముఖముపై వీచు గాలి తనంత తానే అద్దము వైపు మరలినచో వాక్యూమ్ ఎక్కడో కారుచున్నదని గుర్తు. ఆ రబ్బరు గిన్నె బ్యాటరీ పళ్ళెము క్రింద ఉండుటచే ఆమ్లము కారి తీగలును గొట్టములును తినివేయబడుట కూడ చూడదగినది.

పిదప కేబులు. మార్పులు చేసినవారు పంపును విప్పి బిగించునపుడు కేబులు వదులుగా మిగిలిపోవుట కద్దు. అప్పుడు కంప్యూటరు లాగిన మొదటి లాగుడంతయు ఆ వదులును బిగించుటకే సరిపోవును. ఇంకను లాగును. ఒక్కసారిగా లివరు కదలి బండి ముందుకు ఉరుకును. తగ్గించునపుడును ఇదే కథ. వదులు అనగా మరొక పేరుతో ఆలస్యమే. లివరు ఇరుసు తుప్పుపట్టి బిగిసినను ఫలితము ఒక్కటే. కేబులు ఊడదీసి లివరును వ్రేలితో నొక్కి వదలిన చాలును; అది ఎక్కడను ఆగక మొదటికి రావలెను.

వేగ సెన్సారు అయస్కాంతపు కొసకు ఇనుప రజను అంటుకొన్నచో సంకేతము తెగి తెగి వచ్చును. గుడ్డతో తుడిచిన పోవును. పెద్ద టైర్ల సంగతి మాత్రము కొందరు అపార్థము చేసికొందురు. 30.5 అంగుళముల టైరు తీసి 35 అంగుళములది వేసినచో ముల్లు 60 చూపునపుడు బండి నిజముగా 69 మైళ్ళ వేగమున పోవుచుండును. ఇది ప్రమాదకరమే, సరిదిద్దవలసినదే. కాని స్థిరమైన తప్పు స్థిరముగానే ఉండును; అది ఒక్కటే ఊగిసలాటను పుట్టింపదు.

ఇవన్నియు సరిగా ఉండియు బండి ఊగినచో, అప్పుడు మార్పులనే నిందింపవలెను. ఇక్కడ చదునున ఊగునా, ఎత్తున ఊగునా అని అడుగవలెను. చదునైన దారిలో డీజిలు ఇంజన్‌కు గాలి పుష్కలము. టర్బో కొరకు వేచియుండ నక్కరలేదు. కావున చదునున ఊగు బండిలో దోషులు పెద్ద ఇంజెక్టర్లు, గవర్నరు స్ప్రింగులు. అవి లివరు ప్రతి కదలికను పెద్దది చేయును. ఎత్తు ఎక్కునపుడు మాత్రమే ఊగినచో టర్బోను అనుమానింపవలెను. టర్బో ఒత్తిడి వచ్చువరకు ఇంధనమును ఆపియుంచు ఏర్పాటొకటి పంపుపైన కలదు. పెద్ద టర్బో మెల్లగా మేల్కొనును. కంప్యూటరు లాగును, ఏమియు జరుగదు, ఇంకను లాగును, ఇంతలో ఒత్తిడి వచ్చి, ఆపియున్న ఇంధనమంతయు ఒక్కుమ్మడిగా తెరచుకొని బండి దుముకును. పంపులోని ఫ్యూయల్ ప్లేటును మార్చితిమి, అందువలననే ఇట్లాయెనని కొందరు తలతురు. అది ఇంధనమునకు పైహద్దు మాత్రమే; చదునున నెమ్మదిగా పోవు బండి ఆ హద్దు దరిదాపులకు కూడ పోదు.

చికిత్స ఏది? కంప్యూటరు స్వభావమును ఈ పాత బండిలో మార్చలేము. కాని లివరుపై దాని చేతిబలమును తగ్గింపవచ్చును. కేబులును ఇరుసుకు కొంచెము దూరముగా తగిలించినచో అదే లాగుడునకు లివరు తక్కువగా తిరుగును; బలము తగ్గును. తులాదండ సూత్రమే. అయితే అట్లు చేసిన తరువాత లివరు పూర్తిగా వెనుకకు వచ్చుచున్నదా, బ్రేకు త్రొక్కినపుడు పట్టు వెంటనే విడుచుచున్నదా అని బండిని నిలిపియుంచి పలుమారులు చూడవలెను. ఇందులో దేనిని సందేహించినను ఆ పని మానుటయే మేలు. టర్బో వలన వచ్చు ఊపునకు, ఆ ఇంధనపు అడ్డును మెల్లగా తెరచుకొనునట్లు సవరించుటయు, ఎత్తులలో ఒక గేరు తగ్గించి టర్బోను మేలుకొలిపి ఉంచుటయు మార్గములు. ఏది చేసినను ఒకసారి ఒక్క మార్పే చేసి, అదే దారిలో, అదే బరువుతో, అదే వేగమున పరీక్షింపవలెను. రెండు మార్పులు కలిపి చేసినవానికి బండి బాగుపడినను ఏది బాగుచేసినదో తెలియదు. మన దేశమున నైతే 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. కావున ఈ ప్రయోగములకు ఇక్కడ ఎవ్వరును ఉత్సాహపడరాదు.

ఎలక్ట్రానిక్ పంపు వచ్చిన తరువాతి బండ్లలో ఈ రబ్బరు గిన్నెయు కేబులును లేవు. 2003 నుండి వచ్చిన కామన్ రైల్ ఇంజన్లలో ఇంధనమెంత, ఎప్పుడు అనునది కంప్యూటరే నిర్ణయించును. అక్కడ యజమానులు ఇనుమును గాక అంకెలను మార్చుదురు. బయట కొన్న ప్రోగ్రామును ఇంజన్ కంప్యూటరులో నింపుదురు. క్రూజ్ కంట్రోల్ ఇంత తోపు కావలెనని అడిగినపుడు, మారిన పట్టికలు అంతకంటె ఎక్కువ ఇచ్చును. కథ పాతదే, పాత్రలు మాత్రము కొత్తవి. ఇచ్చట పరీక్ష ఇంకను సులభము: కర్మాగారపు ప్రోగ్రామును మరల నింపి, అదే దారిలో ఒకమారు నడిపి చూడవలెను. ఊగిసలాట పోయినచో భాగములను కొనుట మాని, ఆ పట్టికలను వ్రాసినవానికే వానిని త్రిప్పి పంపి సరిచేయించుకొనవలెను.